పచ్చ ఎక్కడిదాకా

మా స్టూడియోలో అద్దం పక్కన మేకుకి ఒక నల్లకోటు ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు అది పెళ్ళికొడుకుల కోసం అనుకుంటారు. కాదు. మా వైపు మగవాళ్ళు ఫోటో దిగడానికి వస్తే తెల్లచొక్కాతోనే వస్తారు. పాస్‌పోర్టు సైజు ఫోటోకి వెనక తెలుపే కావాలంటారు. గోడ మీద మరకలు చెరిపేద్దామని ఫోటోషాపులో ఒకే రంగున్న మేరనంతా ఒకేసారి పట్టుకునే మ్యాజిక్ వాండ్‌తో ఒక్క నొక్కు నొక్కితే, గోడతోపాటు చొక్కా కూడా కొట్టుకుపోయి తలకాయ ఒక్కటీ గాల్లో తేలుతుంది. మొదటిసారి ఇలా జరిగినప్పుడు ఎదురుగా కూర్చున్న పెద్దాయన తెరలోకి తొంగిచూసి, "ఏవండోయ్, నన్ను అప్పుడే పంపించేస్తున్నారేంటి?" అన్నాడు. ఆ సాయంత్రమే అమలాపురం వెళ్ళి కోటు కొన్నాను.

ఫోటోని రంగుల్ని బట్టి ముక్కలుగా విడగొట్టే విద్యలో నాకు దొరికిన మొదటి పాఠం ఆ కోటే. కెమెరా ముందు కలిసిపోయిన రెండు తెలుపుల్ని తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని విడదీయాలంటే నానా చాకిరీ. ముందే విడదీసి పెట్టుకుంటే ఒక్క నొక్కు.

రెండో పాఠం ఓ పెళ్ళికూతురు నేర్పింది. ఆల్బంలో వెనక కొండలూ మంచూ పెట్టాలని సరదా పడ్డారు. సరేనని వెనక ఆకుపచ్చ గుడ్డ కట్టాను. సినిమావాళ్ళు ఆ రంగే ఎందుకు కడతారంటే మనిషి ఒంటిరంగులో అది ఉండదు, పైగా కెమెరా అన్ని రంగులకన్నా ఆకుపచ్చనే ఎక్కువ శ్రద్ధగా పట్టుకుంటుంది. అంతా బాగానే ఉంది, ఆ అమ్మాయి చిలకపచ్చ పట్టుచీరలో దిగింది. మార్చుకోమని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు, నాకసలు లేదు. వెనక గుడ్డ విప్పేసి నీలంరంగు దుప్పటి కట్టి గండం గట్టెక్కాను.

ఇప్పుడు ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా మేనల్లుడితో నాకొక వాదన నడుస్తోంది. వాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఫోటో ఇస్తే చాలు, అందులో ఏ రంగు ఎంత మేర ఉందో యంత్రమే తేల్చేస్తుంది, మధ్యలో మనుషులతో పనేంటి మావయ్యా అంటాడు. విడగొట్టడం యంత్రం పనే, ఒప్పుకుంటాను. కానీ ఎక్కడ గీత గీసి విడగొట్టాలో అది చెప్పదు. ఆ గీత ఎవరో ఒకరు గీయాలి. గీసినవాడెవడో, ఏ వెలుగులో గీశాడో చెప్పకుండా "నూటికి ఇంత" అని ఎవరైనా అంకె తెచ్చి చేతిలో పెడితే ఆ అంకెని నేను నమ్మను.

వాదన మొదలైంది మా పెదనాన్న ధాన్యం దగ్గర. సార్వా కోతలయ్యాయి, పనలు ఇంకా చేలోనే ఉన్నాయి, వాన పట్టుకుంది. మూడురోజులు వదల్లేదు. ఎండ కాసాక నూర్చి, రోడ్డు వారన బరకాల మీద ఆరబోశాం. బేరానికొచ్చిన మనిషి గుప్పెడు తీసి, అరచేతిలో దొర్లించి, "రంగు మారిందండీ" అన్నాడు. అంతే. బస్తాకింత తగ్గించి చెప్పాడు. పెదనాన్న "ఎంత మారింది?" అని అడిగాడు. "చూస్తున్నారుగా" అన్నాడతను. ఈ మాటకి బదులేముంది? పక్కనే నిలబడ్డ మేనల్లుడు ఫోను తీసి బరకం మీద ధాన్యాన్ని ఫోటో కొట్టాడు. మారిన గింజలెన్నో, మారనివెన్నో లెక్కగట్టి ఆ మనిషి మొహాన కొడదాం తాతయ్యా అన్నాడు. పెదనాన్నకి ఆ మాట నచ్చింది. నాకూ నచ్చింది, నిజం చెప్పాలంటే.

ఆ రాత్రి స్టూడియోలో కూర్చున్నాం. వాడు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, ఫోటోల్ని విడగొట్టి చూసే ఓపెన్ సీవీ అనే సరంజామా వాడతాడు. నా చేతిలో ఫోటోషాపు.

ఫోటోలో ఒక్కో చుక్కకీ మూడంకెలు ఉంటాయి. ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత, ఒక్కోటీ 0 నుంచి 255 దాకా. మూడూ కలిపితే 1,67,77,216 రంగులు. వినడానికి ఘనంగా ఉంటుంది గానీ ఒక్కో చుక్క దగ్గర ఆ మూడంకెల్లో కెమెరా అసలు కొలిచేది ఒక్కటే. కోడక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ అనే ఆయన 1976లో పేటెంటు పొందిన పద్ధతి ఇప్పటికీ మన ఫోన్లలో నడుస్తోంది. కెమెరాలో వెలుగు పట్టే పలకంతా గళ్ళే, ప్రతి నాలుగు గళ్ళలో రెండింటికి ఆకుపచ్చ అద్దం, ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం. ఏ గడి అయినా తన అద్దంలోంచి వచ్చిన ఒక్క రంగునే కొలుస్తుంది. మిగతా రెండంకెలూ పక్కింటివాళ్ళని అడిగి రాసుకున్నవే. పైగా ఫోటోని జేపెగ్‌గా దాచేటప్పుడు వెలుగునీడల్ని చుక్క చుక్కకీ ఉంచి, రంగుని మాత్రం మామూలుగా నాలుగు చుక్కలకి ఒకటి చొప్పున కుదిస్తారు. మన కంటికి వెలుగులో తేడా పట్టినంతగా రంగులో తేడా పట్టదు కాబట్టి ఎవరూ గమనించరు. ఆ ఫోటోనే వాట్సాప్‌లో పంపితే ఇంకోసారి నలుగుతుంది. మేనల్లుడు చేసిన మొదటి పొరపాటు అదే. ఫోనులోంచి నా కంప్యూటర్‌కి వాట్సాప్‌లో పంపాడు. పెద్దది చేసి చూస్తే గింజల అంచుల్లో బరకం నీలం కారి కనిపించింది, చాకిరేవులో రంగు వెలిసిన చీర పక్కన పడ్డ తెల్ల పంచెలాగా. గింజ ఎంత చిన్నదో అంత నష్టం. కేబుల్ పెట్టి అసలు ఫోటో మళ్ళీ తీసుకున్నాం.

రెండో పొరపాటు మరీ వినోదం. రంగుల్ని మూడంకెల్లో కాకుండా ఒక చక్రం మీద పెట్టి చూసే పద్ధతి ఉంది. ఆల్వీ రే స్మిత్ 1978లో ప్రకటించాడు, హెచ్‌ఎస్‌వీ అంటారు. చక్రం మీద ఎరుపు 0 దగ్గర, పసుపు 60 దగ్గర, ఆకుపచ్చ 120 దగ్గర, నీలం 240 దగ్గర. రంగు ఏదో ఒక అంకె, ఎంత చిక్కగా ఉందో ఒక అంకె, ఎంత వెలుగుందో ఒక అంకె. మావాడు పచ్చిగింజలు కూడా ఎన్నున్నాయో ముందు తీసేద్దామని 120 చుట్టూ ఉన్నదంతా పట్టుకోమన్నాడు. ప్రోగ్రాం ఒక్క గింజ కూడా ముట్టుకోకుండా బరకం మొత్తం పట్టుకొచ్చింది. ఏమైందా అని అరగంట తలపట్టుకున్నాక తెలిసింది. చక్రం చుట్టూ 360 దాకా అంకెలుంటాయి, 255 దాటిన అంకె పెట్టెలో పట్టదు కాబట్టి ఓపెన్ సీవీ అన్నిటినీ సగం చేసి 0 నుంచి 179 దాకానే రాసుకుంటుంది. అక్కడ 120 అంటే నీలం. ఆకుపచ్చకి 60 అనాలి. ఎరుపు సంగతి ఇంకో తలనొప్పి, చక్రం మొదట్లో కొంత, చివర్లో కొంత ఉంటుంది, రెండు ముక్కలుగా పట్టుకుని కలపాలి.

అయినా ఆ చక్రం మంచి ఆలోచనే. వరి ఆకుని ఎండలో తీస్తే 120, 150, 60 అనుకోండి. అదే ఆకు సరిగ్గా సగం వెలుగులో 60, 75, 30. మూడంకెల లెక్కన రెండూ దూరపు చుట్టాలు. చక్రం మీద పెడితే రెండూ 80 దగ్గరే కూర్చుంటాయి. నీడ పడినా రంగు మారలేదని చెప్పడానికి ఇంతకంటే చక్కటి ఏర్పాటు లేదు. అని పుస్తకం చెబుతుంది. చేలోకి వెళ్తే నీడ అంటే ఉత్త వెలుగు తగ్గడం కాదు. ఎండ ఆగిపోయిన చోట ఆకాశం వెలుగు మిగులుతుంది, దానికి కాస్త నీలం ఉంటుంది. అప్పుడా ఆకు 60, 78, 45 అవుతుంది, చక్రం మీద 93కి జరుగుతుంది. ఒకే ఆకు, ఒకే చుక్క. కొబ్బరాకుల నీడ అటూ ఇటూ ఊగుతూ ఉంటే 80కీ 93కీ మధ్య ఊయల ఊగుతుంది. కోనసీమలో కొబ్బరినీడ పడని కమతం చూపించండి.

ఇక్కడే నేను భాష దగ్గర ఆగిపోయాను. పచ్చకామెర్లొస్తే కళ్ళు పసుపెక్కుతాయి. పచ్చని పైరంటే ఆకు రంగు. పసుపుపచ్చలోనూ పచ్చే, ఆకుపచ్చలోనూ పచ్చే, ముందు తగిలించిన పసుపూ ఆకూ ఉత్త ఆనవాళ్ళు. కాలేజీ రోజుల్లో దీన్ని చూసి నాకు చిన్నతనంగా ఉండేది, మనవాళ్ళకి రెండు రంగులకి రెండు మాటలు కూడా లేవా అని. ఇప్పుడు చేను ఫోటోల్లో అంకెలు చూస్తే వరి ఆకు 80 దగ్గర, పండిన కంకి 200, 175, 80 అంటే చక్రం మీద 47, 48 దగ్గర. మధ్యలో 60, అది ఉత్త పసుపు. అంటే వరి ఆకు శుద్ధమైన ఆకుపచ్చకంటే పసుపుకే దగ్గర. నాటిన దగ్గర్నుంచి కోసేదాకా చేను మొత్తం తిరిగేది ఆ పసుపుకి అటో ఇరవై, ఇటో పన్నెండు పదమూడు. ఆ మేరకంతా ఒకే మాట పెట్టుకున్నవాళ్ళు చేను చూసే పెట్టుకున్నారు. వాళ్ళకి అందులో తేడా చెప్పాల్సొచ్చినప్పుడు రంగు పేరు చెప్పరు, చేను ఏం చేస్తోందో చెబుతారు. పాలు పోసుకుంది, వంగింది, పండుబారింది. మా పెదనాన్నని పచ్చ ఎక్కడ ఆగి పసుపు ఎక్కడ మొదలవుతుందని అడిగితే, దేనికిరా అంటాడు. కోయడానికా, యూరియా చల్లడానికా, ఫోటోకా?

ఆ "దేనికిరా" అన్న మాటకి ఓపెన్ సీవీలో చోటు లేదు.

సంక్రాంతి కోళ్ళ సంగతి కూడా ఇలాంటిదే. పందేల విషయంలో చట్టం ఏమంటుందో అందరికీ తెలుసు, అది పక్కన పెడదాం, పేర్లు వినండి. నల్లదాన్ని కాకి అంటారు, ఎర్రదాన్ని డేగ, తెల్లదాన్ని సేతువ. పూల అని ఒకటుంది, దాని ఈకల్లో నలుపూ తెలుపూ ఎరుపూ మూడూ కలగలిసి ఉంటాయి. పూలని చుక్కలవారీగా విడగొడితే యంత్రం ఏం చెబుతుంది? కొంత కాకి, కొంత సేతువ, కొంత డేగ. మూడు కోళ్ళని తెచ్చి ఒక కోడిని పోగొట్టింది. భీమవరం వైపు పదేళ్ళ కుర్రాడు కూడా గట్టు మీంచి చూసి అది పూల అని చెప్పేస్తాడు. వాడు చుక్కల్ని చూడ్డం లేదు, కోడిని చూస్తున్నాడు. రంగు అనే మాటకి మన దగ్గర ఆ అర్థం కూడా ఉంది, చుక్కకి ఉండేది కాదు, వస్తువుకి ఉండేది.

సరే, ధాన్యం. మేనల్లుడు పట్టువదలని విక్రమార్కుడు. గీత నేను గీయను, యంత్రాన్నే గీసుకోమంటానన్నాడు. కె-మీన్స్ అనే పద్ధతి ఎత్తుకున్నాడు. బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ లాయిడ్ 1957లోనే ఆలోచించాడు, అచ్చయింది 1982లో, ఈలోగా 1967లో మెక్వీన్ దానికి ఆ పేరు పెట్టాడు. చుక్కలన్నిటినీ ఇన్ని గుంపులు చెయ్ అని చెబితే, ఎక్కడో అక్కడ మధ్యస్థుల్ని కూర్చోబెట్టి, దగ్గరున్నవాళ్ళనల్లా ఆ మధ్యస్థుడికి అప్పగించి, మళ్ళీ మధ్యస్థుణ్ణి గుంపు నడిమధ్యకి జరిపి, ఎవరూ కదలనంతవరకూ ఇలాగే చేస్తుంది. తీరైన పద్ధతి. కానీ ఎన్ని గుంపులో చెప్పాల్సింది నువ్వే కదరా అన్నాను. మూడు అన్నాడు. బరకం, మంచిగింజ, మారినగింజ. నడిపితే వచ్చిన మూడూ ఇవీ: బరకం, ఎండ పడిన గింజ, నీడ పడిన గింజ. మారిన గింజలు కొద్దిగానే ఉన్నాయి, వాటికోసం ఒక మధ్యస్థుణ్ణి కేటాయించడం ఆ లెక్కకి గిట్టుబాటు కాలేదు. ఎక్కువమంది ఉన్నవాళ్ళ మధ్య తేడానే దానికి పెద్ద తేడా. గుంపుల్ని అయిదు చేశాడు, ఏడు చేశాడు. ఏడింటిలో ఒకటి కాస్త మారిన గింజల్లా కనిపించింది గానీ, అందులో గింజల మధ్య సందుల్లో నీడలు కూడా చేరాయి.

గింజకి గింజ అంటుకుని ఉండటం ఇంకో చిక్కు. దానికి వాడిన ఉపాయం నాకు భలే నచ్చింది. 1979లో ఫ్రాన్సులో ఇద్దరు పరిశోధకులు చెప్పింది. ఫోటోని ఎత్తుపల్లాల నేలగా ఊహించుకోవాలి. పల్లాల్లోంచి నీరు ఊరుతూ పైకి వస్తుంది. రెండు పల్లాల నీళ్ళు కలిసిపోబోయే చోట గట్టు వేసేస్తారు. నీరు మొత్తం నిండేసరికి గట్లన్నీ గింజల మధ్య సరిహద్దులవుతాయి. కొండన్నదే కంటికి కనపడని మా ఊళ్ళో కూర్చుని ఇది చదువుతుంటే, ఇది కనిపెట్టినవాళ్ళు ఒక్క వరదకాలం లంకలో ఉండి వెళ్ళారా అనిపించింది. చిన్న చిన్న గరుకులకి కూడా గట్లు వేసేసి ఒక్క గింజని మూడు కమతాలు చేస్తుంది, అదొక్కటే దాని రోగం. ముందు ఫోటోని కాస్త నునుపు చేస్తే తగ్గుతుంది.

వరద అంటే గుర్తొచ్చింది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు ఏటిగట్టు మీంచి నేను తీసిన ఫోటోలు ఉన్నాయి. మునిగినంత మేరా నీటిని విడగొట్టి చూద్దామని వాటిమీద ఎవరో రాసిపెట్టిన ఒక ప్రోగ్రాం నడిపాం. రాసినాయన ఏ సముద్రం ఒడ్డునో పుట్టి ఉంటాడు, నీరంటే నీలమని రాశాడు. ఆకాశం పట్టింది, ఎవరిదో కొట్టుకుపోతున్న నీలం డ్రమ్ము పట్టింది. గోదారి మాత్రం ఒక్క చుక్క దొరకలేదు. వరదలో మాది ఎర్రనీరు, గట్టు మట్టీ అదే రంగు. దీనికి గీత ఎక్కడో పెట్టి సరిచేద్దామన్నా కుదరదు. బురదనీటికి రంగు పలచన. 152, 148, 145 అనే చుక్క చక్రం మీద 26 దగ్గర పడుతుంది. దాని పక్కచుక్క 148, 151, 149 అయితే 140 దగ్గర పడుతుంది. కంటికి రెండూ ఒకటే బూడిదరంగు, మూడు నాలుగు అంకెలు అటూ ఇటూ అంతే. చక్రం మీద ఒకటి నారింజలో, ఒకటి ఆకుపచ్చలో. పలచని రంగుల దగ్గర చక్రం చెప్పేది జోస్యం. అలాంటిచోట 1976 నాటి 'ల్యాబ్' అనే రంగుల కొలత నయం. మనిషి కంటికి ఎంత తేడా కనిపిస్తుందో అంకెల్లోనూ ఇంచుమించు అంత దూరం ఉండేలా కట్టింది అది. ధాన్యం రంగులు కూడా పలచనివే కాబట్టి చివరికి మేం కూడా అందులోకే మారాం.

మారాక, మంచిగింజకీ మారినగింజకీ మధ్య గీత మేమే గీసి చూస్తే, లెక్క వచ్చింది. నూటికి పది పైచిలుకు మారిన గింజలు. పెదనాన్న మొహం చూడలేకపోయాను. పొద్దున్నే అదే ధాన్యాన్ని అరుగు మీద నీడలో తెల్లకాగితం పక్కన పోసి నేను మళ్ళీ ఫోటో తీశాను. గీత ఒక్క వెంట్రుక కూడా కదపలేదు. నూటికి మూడు. ముందురోజు ఫోటో సాయంకాలపు ఎండలో తీసింది, ఆ ఎండకి అన్ని గింజలూ కాస్త ఎర్రబడ్డాయి. అది చాలదన్నట్టు ఫోను తనంతట తాను రంగు సర్దుతుంది. తెరనిండా నీలం బరకం కనిపిస్తే, వెలుగే నీలంగా ఉందేమో అనుకుని మొత్తాన్ని పసుపువైపు లాగుతుంది. మేనల్లుడు దేన్నీ మార్చలేదు, అబద్ధమూ ఆడలేదు. పదీ నిజం ఫోటోలోదే, మూడూ నిజం ఫోటోలోదే.

వాడి వాదన ఇక్కడ వినాలి. మనుషులు లెక్కపెట్టినా ఇద్దరికి రెండు లెక్కలు వస్తాయి, బేరగాడు చూస్తే ఒకటి, తాతయ్య చూస్తే ఒకటి. యంత్రం తప్పు చెప్పినా ఎప్పుడూ ఒకేలా చెబుతుంది, దాన్ని సరిదిద్దుకోవచ్చు, బేరగాణ్ణి ఎలా సరిదిద్దుతావు మావయ్యా అన్నాడు. నేను చప్పున జవాబు చెప్పలేకపోయాను. ఇందులో న్యాయం ఉంది. వెలుగు ఒకేలా ఉంచితే యంత్రానికి అలసట లేదు, మొహమాటం లేదు. కానీ ఆ "ఒకేలా ఉంచితే" అన్నది ఉచితంగా రాదు.

వరి పరిశోధనవాళ్ళకి ఇది ఏనాడో తెలుసు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆకు రంగుల పట్టీ ఒకటి చేసింది. లేతపచ్చ నుంచి ముదురుపచ్చ దాకా నాలుగు గళ్ళ ప్లాస్టిక్ ముక్క. ఆకుని దాని మీద పెట్టి ఏ గడికి సరిపోయిందో చూసి నత్రజని వేయాలో వద్దో తేల్చుకోవాలి. కెమెరా లేదు, కరెంటు లేదు. వాడే పద్ధతి ఇంకా బాగుంటుంది: ఎండలో చూడకూడదు, మన ఒంటి నీడ ఆకు మీద పడేలా నిలబడాలి, చూసిన ప్రతిసారీ ఒకే వేళకి చూడాలి, చూసే మనిషి కూడా ఒక్కరే అయి ఉండాలి. నేను కోటు కొని నేర్చుకున్నదాన్ని వాళ్ళు పట్టీ వెనక రాసిచ్చారు.

రైసుమిల్లులో సార్టెక్స్ యంత్రం చూశారా? సార్టెక్స్ బియ్యం అంటూ బస్తాల మీద రాస్తారే, అది. అసలు అదొక కంపెనీ పేరు, మనకి బియ్యం రకంలా స్థిరపడిపోయింది. బియ్యం సన్నటి గాడుల్లోంచి జారుతూ ఉంటే కెమెరాలు గింజ గింజనీ చూస్తాయి, రంగు తేడా ఉన్నదాన్ని గాలి కొట్టి పక్కకి నెట్టేస్తాయి. నేను చెప్పినదంతా రెప్పపాటులో జరిగిపోతుంది. జరగడానికి కారణం తెలివికన్నా ఏర్పాటు. లోపల దీపాలు ఎప్పుడూ ఒకటే, దూరం ఒకటే, వెనక పలక రంగు మంచిగింజకి సరిపోయేలా పెడతారు కాబట్టి మంచిగింజ అందులో కలిసిపోయి మచ్చగింజ ఒక్కటే పైకి కనపడుతుంది. నా తెల్లగోడ ముందు తెల్లచొక్కా మాయమైనట్టే, ఇక్కడ అది కావాలని చేస్తారు. ఇంత చేసినా పక్కన ఆపరేటర్ ఉంటాడు. లాటు మారినప్పుడల్లా బియ్యం చూసి సెట్టింగు అటోఇటో జరుపుతాడు. గట్టిగా బిగిస్తే మచ్చగింజతోపాటు మంచిగింజ కూడా ఎగిరిపోతుంది, మిల్లుకి నష్టం. వదులు చేస్తే మచ్చలు మిగిలిపోతాయి, కొన్నవాళ్ళు తిడతారు. ఆ గీత ఎక్కడుండాలో గింజలో రాసి లేదు, బస్తా ధరలో ఉంది. ఆ ఆపరేటర్‌కి అది తెలుసు, అందుకే యంత్రం చెప్పిందని ఎప్పుడూ అనడు, నేను ఇంతకి పెట్టాను అంటాడు.

నేను కోరేది కూడా అదే. ప్రభుత్వం ధాన్యం కొనేటప్పుడు చూసే ప్రమాణాల్లో తేమ 17 శాతం మించకూడదని, దెబ్బతిన్నవీ రంగు మారినవీ మొలకెత్తినవీ పుచ్చినవీ కలిపి 5 శాతం మించకూడదని ఉంటుంది. వానలు పడ్డ ఏడు సడలింపులు ఇస్తూ ఉంటారు కూడా, అంటే గీతని జరుపుతారు, బాహాటంగా, కాగితం మీద. ఆ 5 శాతం బరువులో. మేం ఫోటోలో లెక్కపెట్టింది చుక్కల్ని, అంటే వైశాల్యాన్ని. మారిన గింజ తాలుగింజ కూడా అయితే బోలెడు చోటు ఆక్రమించి బరువు తూగదు. పైగా ఫోటోకి పైవరసే కనిపిస్తుంది, గింజకి ఒకవైపే కనిపిస్తుంది. మూడు గానీ పది గానీ ఆ 5 పక్కన నిలబెట్టి పోల్చే హక్కే మాకు లేదు. ఈ మాట నాకు తట్టడానికి రెండురోజులు పట్టింది, పరధ్యానంగా పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తూండగా తట్టింది. రేపు ఎవరైనా ఫోను పెట్టి ఫోటో కొట్టి "నీ ధాన్యం ఇంత" అంటే, మా ఊళ్ళో ఎంతమందికి ఆ మాట తడుతుంది? అరచేతిలో దొర్లించి "చూస్తున్నారుగా" అన్నవాడితో కనీసం పోట్లాడొచ్చు. తెర మీద ఎర్రగీతలు గీసి అంకె చూపిస్తే ఎదురు మాట్లాడటానికి మనిషి జంకుతాడు. అంకెతోపాటు ఆ ఫోటో, అందులో ఒక తెల్లకాగితం, గీత ఎక్కడ పెట్టారో ఆ విలువలు, ఏవి మారినవిగా లెక్కేశారో రంగు పూసి చూపించిన బొమ్మ, ఇవన్నీ రైతు చేతిలో పెట్టాలి. అప్పుడు ఇదిగో ఇది నీడ, గింజ కాదు అని ఆయనే వేలుపెట్టి చూపిస్తాడు.

మా బేరం ఏమైందంటే, ఏమీ కాలేదు. ఆ మనిషి మా ఫోటోలు చూడను కూడా చూడలేదు. బస్తాకి చెప్పిన తరుగులో కాస్త తగ్గించుకుని ఎత్తుకుపోయాడు. ఆకాశం మళ్ళీ మబ్బు పట్టింది, పెదనాన్న ఇంకో వాన కోసం ఆగదలుచుకోలేదు.

తిండిగింజలకని ఉంచుకున్న రెండు బస్తాల్లోంచి గుప్పెడు తీసి, మేనల్లుడు ఆయన ముందు చేటలో పోశాడు. తాతయ్యా, మీరు విడగొట్టండి, మంచివొకవైపు, మారినవొకవైపు, దాన్నిబట్టి నా ప్రోగ్రాం సరిచేసుకుంటాను అన్నాడు. పెదనాన్న అరుగు మీద నీడలోకి జరిగి కూర్చున్నాడు. ఎవరూ చెప్పకుండానే. చూపుడువేలితో ఒక్కో గింజనీ తోస్తూ పోయాడు. కాసేపటికి చూస్తే చేటలో మూడు కుప్పలు ఉన్నాయి.

"రెండే కదా చెప్పాను తాతయ్యా. ఈ మూడోది ఏంటి?"

"ఇవి తెలీడం లేదురా" అన్నాడాయన. అందులోంచి ఒక గింజ తీసి పంటికింద పెట్టి కొరికాడు. పొట్టు ఊసి, విరిగిన బియ్యపుముక్కని వేలిమీద పెట్టుకుని వెలుగులోకి చాపాడు. "తెల్లగానే ఉంది. మంచిదాన్లో వేసుకో." ఇంకోటి కొరికాడు. "ఇది కాదు."

మేనల్లుడు ఫోనులో రాసుకుంటున్నాడు. మూడోది ఒకటి పెట్టాలి మావయ్యా, దానికి ఏం పేరు పెడదాం అని నన్నడిగాడు. నేను ఆలోచిస్తూండగానే పెరట్లోంచి డేగ ఒకటి అరుగెక్కి వచ్చి, చేటలో సరిగ్గా ఆ కుప్ప మీదే ముక్కు పెట్టింది.